చెస్‌ ఆడటం వచ్చు.. తీర్పు చెప్పడం వచ్చా?

మేడ్చల్‌, శామీర్‌పేట చుట్టుపక్కల కాలేజీ హాస్టళ్లలో చెస్‌ ఆడేవాళ్లకు కొదవ లేదు. పడుకునే ముందు ఫోన్లో రెండు బ్లిట్జ్‌ గేములు ఆడందే నిద్రపట్టని వాళ్లూ ఉంటారు. అయితే ఒక తిరకాసు ఉంది. ఫోన్లో తప్పు ఎత్తు వేద్దామన్నా యాప్‌ వేయనివ్వదు. టైమ్‌ అయిపోతే ఫలితం అదే చెప్పేస్తుంది. నిజం బోర్డు మీద ఆ పని చేయాల్సింది మనిషి. ఆయనే ఆర్బిటర్‌. అందుకే ఆన్‌లైన్‌లో మంచి రేటింగ్‌ ఉన్నవాళ్లు కూడా ఆర్బిటర్‌ పరీక్షలో తడబడే అవకాశం ఉంది.

మరి మీ సంగతేంటి? అంతర్జాతీయ చెస్‌ సమాఖ్య (ఫిడే) నియమాల ప్రకారం ఈ నాలుగు సందర్భాల్లో ఏం చేస్తారో ముందు కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాతే జవాబులు చూడండి.

1. క్లాసికల్‌ గేమ్‌. బంటు చివరి గడికి చేరింది. ఆటగాడు దాని బదులు వేరే పావు పెట్టకుండానే గడియారం నొక్కేశాడు.
2. తెల్లపావుల వ్యక్తికి టైమ్‌ అయిపోయింది. అతని దగ్గర రాజు, ఒక బంటు ఉన్నాయి. ప్రత్యర్థికి మిగిలింది రాజు, ఒక గుర్రం మాత్రమే.
3. కేజ్లింగ్‌ చేద్దామనుకున్న అమ్మాయి ముందు ఏనుగును (రూక్‌) పట్టుకుని, తర్వాత రాజును ముట్టుకుంది.
4. ఒకే పొజిషన్‌ మూడోసారి వచ్చింది. మీరు గమనించారు, ఆటగాళ్లు గమనించలేదు.

జవాబులు ఇవీ..

1. అది చెల్లని ఎత్తు. ఆ గడిలో అదే రంగు క్వీన్‌ను పెట్టించాలి. ఇంకో పావు కావాలన్నా కుదరదు. ప్రత్యర్థికి 2 నిమిషాలు అదనంగా ఇవ్వాలి. అదే ఆటగాడు రెండోసారి చెల్లని ఎత్తు వేస్తే గేమ్‌ ఓడినట్టే.

2. ‘ఒక్క గుర్రంతో మేట్‌ ఎలా అవుతుంది, డ్రా’ అని రాశారా? పప్పులో కాలేశారు! నియమం అడిగేది మేట్‌ చేయడం తేలికా కాదా అని కాదు. చెల్లే ఎత్తులతో ఏదో ఒక దారిలో మేట్‌ సాధ్యమా అని. ఇక్కడ తెల్లరాజుకు సొంత బంటే అడ్డుపడి మేట్‌ అయ్యే పొజిషన్లు ఉన్నాయి. కాబట్టి నల్లపావుల వ్యక్తి గెలిచినట్టు. ఒట్టి రాజే మిగిలి ఉంటే మాత్రం డ్రా.

3. ఆ వైపు కేజ్లింగ్‌ కుదరదు. ముందు ముట్టుకున్న ఏనుగుకు చెల్లే ఎత్తు ఉంటే దాన్నే కదపాలి.

4. మౌనంగా ఉండాలి. మూడుసార్లు వస్తే డ్రా అడిగే హక్కు ఆటగాడిది. అయిదోసారి వస్తే మాత్రం ఎవరూ అడగకపోయినా మీరే డ్రా ప్రకటించాలి. 50 ఎత్తులు, 75 ఎత్తుల నియమాల్లోనూ తేడా ఇదే. మొదటిది అడిగితేనే, రెండోది అడగకపోయినా.

నాలుగో ప్రశ్నే ఈ పరీక్షకు అసలు గుట్టు. నియమం తెలిస్తే సరిపోదు, ఎప్పుడు కలగజేసుకోవాలో, ఎప్పుడు నోరు కట్టేసుకోవాలో తెలియాలి. శామీర్‌పేట నల్సార్‌లో చదివే లా విద్యార్థులకు ఇది కొత్తేమీ కాదు. సివిల్‌ దావాలో అడగని హక్కును కోర్టు తనంతట తాను కట్టబెట్టదు కదా!

ఇందులో పెద్దవాళ్లూ తడబడ్డారు. 2017 డిసెంబరులో రియాద్‌లో జరిగిన ప్రపంచ బ్లిట్జ్‌ పోటీలో ఎర్నెస్టో ఇనార్కియెవ్‌ తన రాజుకు చెక్‌ ఉన్నా పట్టించుకోకుండా కార్ల్‌సన్‌కు ఎదురు చెక్‌ ఇచ్చాడు. కార్ల్‌సన్‌ ఫిర్యాదు చేయకుండా రాజును జరిపాడు. వెంటనే ఇనార్కియెవ్‌ గడియారం ఆపి, కార్ల్‌సన్‌దే చెల్లని ఎత్తు అన్నాడు. ఆర్బిటర్‌ మొదట అతన్నే గెలిపించారు. చీఫ్‌ ఆర్బిటర్‌ ఆ తీర్పును తిరగేసి, ఆట కొనసాగించమన్నారు. ఇనార్కియెవ్‌ ఒప్పుకోకపోవడంతో గేమ్‌ కార్ల్‌సన్‌కు దక్కింది. అవతలి వ్యక్తి తర్వాతి ఎత్తు వేసేస్తే అలాంటి బ్లిట్జ్‌ గేమ్‌లో పాత తప్పును ఇక తవ్వకూడదన్నదే అక్కడి పాఠం.

దారి ఎటు?

హంపి, హారిక, హరికృష్ణల తర్వాత వరంగల్‌ కుర్రాడు అర్జున్‌ ఇరిగేశి 2800 రేటింగ్‌ దాటాడు. పిల్లల్ని చెస్‌లో చేర్పించే తల్లిదండ్రులకు ఇంతకంటే ప్రోత్సాహం ఏముంటుంది! టోర్నమెంటు ఎక్కడ పెట్టినా ఆర్బిటర్లు కావాలి.

ముందు రాష్ట్ర చెస్‌ సంఘాన్ని సంప్రదించి, స్థానిక పోటీల్లో సహాయకులుగా చేరండి. తర్వాత అఖిల భారత చెస్‌ సమాఖ్య జాతీయ స్థాయి ఆర్బిటర్‌ పరీక్ష రాయొచ్చు. పై మెట్టు ఫిడే ఆర్బిటర్‌. దానికి సెమినార్‌కు హాజరై, పరీక్షలో 80 శాతం మార్కులు తెచ్చుకోవాలి. టోర్నమెంట్లలో పనిచేసి నార్మ్‌లు కూడా సంపాదించాలి. ఆపైన ఉన్నదే ఇంటర్నేషనల్‌ ఆర్బిటర్‌. స్విస్‌ పద్ధతిలో జోడీలు వేయడం, టై-బ్రేక్‌ లెక్కలు, స్విస్‌ మేనేజర్‌ సాఫ్ట్‌వేర్‌ కూడా నేర్చుకోవాలి. కంప్యూటర్‌ మీద చేయి తిరిగిన ఇంజినీరింగ్‌ విద్యార్థులకు ఇది కలిసొచ్చేదే.

ఒక మాట మాత్రం ముందే తెలుసుకోండి. ఇది నెల జీతం వచ్చే ఉద్యోగం కాదు. టోర్నమెంటును బట్టి గౌరవ వేతనం ఉంటుంది. దీన్నే నమ్ముకుని ప్లేస్‌మెంట్లు వదులుకోవద్దు. చదువుకుంటూ, ఉద్యోగం చేస్తూ వారాంతాల్లో చేసుకునే పని ఇది. కానీ ఓడిపోయి ఏడుస్తున్న పదేళ్ల పిల్లాడి ముందు, కోపంగా ఉన్న తండ్రి ముందు నిలబడి నియమం చూపించి నెమ్మదిగా ఒప్పించడం అలవాటైతే, ఆ నిబ్బరం ఇంటర్వ్యూ గదిలోనూ అక్కరకొస్తుంది.

ఫిడే నియమావళి ఆ సంస్థ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఈ ఆదివారం ఫోన్‌ పక్కన పెట్టి, ఒక బోర్డు, ఒక గడియారం, వాదించే స్నేహితుణ్ని ముందు కూర్చోబెట్టుకుని నాలుగో అధికరణం నుంచి మొదలుపెట్టండి. ‘ముట్టుకుంటే కదపాల్సిందే’ అన్న నియమం ఉన్నది అక్కడే.