గడ్డి విత్తనం: ధర అడిగే ముందు మొలక శాతం చూడాలి

మాదాపూర్: తొలకరి జల్లులు పడగానే మాదాపూర్, కొండాపూర్ వైపు నుంచి గడ్డి విత్తనానికి వాకబులు మొదలవుతాయి. కార్యాలయ భవనాల ముందు లాన్లు వేయించేవారు కొందరు, ఊరి బయట పొలం కొని పాడిపశువులు పెట్టుకున్నవారు మరికొందరు. ఇద్దరూ అడిగేది గడ్డి విత్తనమే అయినా సరుకు వేరు, లెక్క వేరు. ఈ తేడా చూసుకోకుండా ఒప్పుకున్న ఆర్డర్లు నెల తిరగకుండానే తగాదాలుగా మారే ప్రమాదం ఉంది.

ఒకప్పుడు మాదాపూర్ రాళ్ల గుట్టలు, బీళ్లు ఉన్న పల్లె. గడ్డి కొనాలన్న ఆలోచనే అక్కడ ఎవరికీ వచ్చి ఉండదు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక పెద్ద పెద్ద ఆవరణలు వచ్చాయి. వాటితోపాటు గడ్డి కూడా చదరపు అడుగుల లెక్కన బిల్లులో చేరే సరుకయింది.

వర్తకులు మొదట తేల్చుకోవలసింది, అడిగిన రకానికి అసలు విత్తనం ఉందా అన్నది. మెక్సికన్ గడ్డి పేరిట అమ్ముడయ్యే సన్నరకం లాన్ గడ్డిని నర్సరీలవారు పలకలుగానో పిలకలుగానో ఇస్తారు. టిఫ్‌వే వంటి సంకర గరికలకు మొలిచే గింజ పట్టదు. సజ్జను, ఏనుగు గడ్డిని సంకరం చేసి తీసిన నేపియర్ రకాలదీ ఇదే సంగతి. వాటికి కాండం ముక్కలే నాటుతారు. కాబట్టి 'సూపర్ నేపియర్ విత్తనం' ప్యాకెట్లలో ఉందని ఎవరైనా బేరానికి వస్తే ఆ బేరం వదులుకోవడమే లాభం.

లాన్‌కు విత్తనంగా నడిచే ముఖ్యమైన సరుకు గరిక. బెర్ముడా అన్నా ఇదే. ప్రపంచ వ్యాపారంలో దీని గింజ ఎక్కువ భాగం అమెరికాలోని అరిజోనా, కాలిఫోర్నియా ఎడారి సేద్యం నుంచి వస్తుంది. అక్కడి నుంచి తెప్పించేవారు 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వుకు లోబడి దిగుమతి పర్మిట్, ఆరోగ్య ధ్రువపత్రం సిద్ధం చేసుకోవాలి. గింజ చాలా చిన్నది, కిలోకు దాదాపు 40 లక్షలు. పొట్టు తీసిన గింజ వెచ్చటి నేలలో ఒకటి రెండు వారాల్లో మొలుస్తుంది. పొట్టుతో ఉన్నది ఇంకా ఆలస్యం చేస్తుంది. రంగు పూత వేసిన విత్తనంలో సగం దాకా పూత బరువే ఉండవచ్చు. ఈ మూడింటినీ ఒకే కిలో ధరతో పోల్చడం వడ్లను, బియ్యాన్ని ఒకే రేటుకు కట్టడం వంటిది.

పోల్చే పద్ధతి కష్టమైనదేమీ కాదు. స్వచ్ఛత శాతాన్ని మొలక శాతంతో హెచ్చించాలి. ఒక బస్తా విత్తనం 90 శాతం స్వచ్ఛత, 80 శాతం మొలక కలదనుకుంటే పనికొచ్చేది 72 శాతం. రెండో బస్తా 75 శాతం స్వచ్ఛత, 40 శాతం మొలక అయితే మిగిలేది 30 శాతమే. ఉదాహరణకు మొదటిది కిలో రూ. 1,000, రెండోది రూ. 600 అనుకుందాం. మొలిచే కిలో మొదటిదానిలో సుమారు రూ. 1,390 పడుతుంది, చవక అనుకున్న దానిలో రూ. 2,000.

ఎకరాకు ఎంత అన్నదానిపైనా రెండు మాటలున్నాయి. మన ఉద్యాన పుస్తకాల్లోని పాత లెక్క హెక్టారుకు 30 కిలోలు, అంటే ఎకరాకు 12. విదేశీ లెక్కలో వెయ్యి చదరపు అడుగులకు ఒకటి రెండు పౌండ్లు, అంటే ఎకరాకు 20 నుంచి 40 కిలోలు. మొదటిది తీరిగ్గా అల్లుకోనిచ్చే లెక్క, రెండోది త్వరగా నేల కప్పేది. ప్రారంభోత్సవం తేదీ చూసుకుని ఆర్డరిచ్చే కొనుగోలుదారుకు ఈ సంగతి ముందే చెప్పాలి.

మంచి గింజ ఇచ్చినా మాదాపూర్ నేల మాట వినకపోవచ్చు. భవనాల చుట్టూ మిగిలేది మొరం, రాతి పొడి, సిమెంటు తుక్కు. దానిపై జానెడు మందాన ఎర్రమట్టి, చివికిన ఎరువు వేయనిదే వేరు దిగదు. పచ్చి ఎరువు, ఎక్కడిదో తెలియని మట్టి తెస్తే వాటితో తుంగ గడ్డలు, వయ్యారిభామ గింజలు ఉచితంగా వస్తాయి. విత్తనాన్ని పొడి ఇసుకతో కలిపి, సగం నిలువుగా సగం అడ్డంగా చల్లి, అర సెంటీమీటరు కన్నా లోతు పోకుండా కప్పి, తేలిక రోలరు తిప్పాలి. మొలకెత్తేదాకా రోజుకు రెండు మూడుసార్లు సన్న జల్లు చాలు. గొట్టంతో ధార కొడితే గింజ పల్లానికి కొట్టుకుపోయి గడ్డి గుంపులుగా లేస్తుంది. అప్పుడు నింద పడేది విత్తనం మీదే.

మేత గడ్డిలో లెక్క తారుమారవుతుంది. విత్తన ధ్రువీకరణ ప్రమాణాల్లో అంజన్ గడ్డికి కనీస మొలక 30 శాతం, గినీ గడ్డికి 20 శాతం మాత్రమే. తక్కువ అంకె చూసి సరుకు తిప్పి పంపనక్కరలేదు. పైగా కొత్తగా కోసిన అంజన్ గింజ నెలల తరబడి నిద్రావస్థలో ఉంటుంది గనుక, నిరుటి సరుకే మేలు. నిలవ సరుకని ధర తగ్గించమనేవారికి ఈ జవాబు సరిపోతుంది. అనంతపురం జిల్లా రైతులు పండించే స్టైలో మాత్రం నేల రాలిన గింజను ఊడ్చి పోగుచేసేది. మట్టి తూకం ఎంతో చూసుకుని కొనాలి. దాని పెంకు గట్టిది. 80 డిగ్రీల వేడి నీటిలో నాలుగైదు నిమిషాలు ఉంచి తీసి చల్లితేనే మొలక సమంగా వస్తుంది. మొలిచాక గుప్పెడు గడ్డి పట్టి లాగినప్పుడు వేళ్లతో ఊడివస్తే ఇంకా పశువులను వదలరాదు.

తగాదా వస్తే నిలబడేది నమూనాయే. 1966 విత్తన చట్టం నోటిఫై అయిన రకాలకు లేబిల్‌పై మొలక, స్వచ్ఛత చూపాలంటుంది. లాట్ నంబరు బిల్లులో రాసి, బస్తా విప్పేటప్పుడు ఇరువర్గాల ఎదుట గుప్పెడు గింజ తీసి, సీలు వేసి చెరొకటి ఉంచుకుంటే చాలు. తడి గుడ్డలో వంద గింజలు పెట్టి చూసే పాత పరీక్షకు ఖర్చు లేదు. గరికకు రెండు మూడు వారాల గడువు మాత్రం కావాలి. తొలకరి ముందే సరుకు దింపుకున్న వర్తకుడికే ఆ గడువు దొరుకుతుంది.