రసం జుర్రేసి పీచు ఊసేస్తే ఎలారా?

చిన్నరసం తిన్నాక పీచు పళ్ల సందుల్లో ఇరుక్కుందని విసుక్కుంటున్నావు గానీ, మన నూజివీడు రసాలంటేనే పీచురా. మీ నాన్నకి ముక్కలు కోసుకోవడానికి వీలని బంగినపల్లి ఇష్టం. నా ఓటు మాత్రం రసాలకే.

మామిడి తొక్కలో, గుజ్జులో పెక్టిన్ అనే ఇంకో రకం పీచు ఉంటుంది. 1825లో బ్రాకొనో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దానికా పేరు పెట్టాడు. చక్కెర జాతి అణువుల్ని దండ గుచ్చినట్టుంటుంది దాని అమరిక. కణాన్నీ కణాన్నీ అతికించి ఉంచేది అదే. ఆవకాయకి తెచ్చిన కాయ కత్తికి గట్టిగా తగలడంలో దాని చలవే చాలా ఉంది. కాయ మాగేకొద్దీ ఎంజైములు ఆ దండల్ని తెంచుతాయి, బొటనవేలితో నొక్కితే సొట్ట పడుతుంది.

అన్నం మనకి అరుగుతుంది. పెక్టిన్ అరగదు, దాన్ని తెంచే ఎంజైము మన ఒంట్లో లేదు. తిన్నది తిన్నట్టే పెద్దపేగుకి చేరుతుంది. అక్కడి బాక్టీరియా దాన్ని పులియబెట్టి ఎసిటేట్, ప్రొపియనేట్, బ్యుటిరేట్ తయారుచేస్తాయి. రోగనిరోధక కణాలు దూకుడుకి పోకుండా కళ్లెం వేసే టి-కణాలు కొన్నున్నాయి. బ్యుటిరేట్ వల్ల పేగులో అవి పెరుగుతాయని 2013లో ఎలుకల మీద తేలింది.

మరుసటి ఏడు స్విట్జర్లాండ్‌లో ఇంకో చిత్రం జరిగింది. పెక్టిన్ కలిపిన మేత తిన్న ఎలుకలకి, ఇంటి దుమ్ములో ఉండే సూక్ష్మపురుగుల వల్ల ఊపిరితిత్తుల్లో వచ్చే అలర్జీ తగ్గింది. మేత పోయింది పేగులోకి, గుణం కనిపించింది ఊపిరితిత్తుల్లో! ప్రొపియనేట్ రక్తంలో కలిసి, ఎముక మజ్జలో పుట్టే రక్షక కణాల తీరునే మార్చిందట.

అందుకే 'ఇమ్యూనిటీ పెంచుతుంది' అని డబ్బా మీద రాసి అమ్మే పొడులంటే నాకు ఒళ్లు మంట. ఉబ్బసంలో బాధ ఆ శక్తి చాలక కాదురా, అక్కర్లేని చోట రెచ్చిపోయి.

మరి తొక్క తినొచ్చా అంటావా? పెక్టిన్ దండిగా ఉండేది అక్కడే. ఆవకాయ ముక్క తొక్కతోనే నములుతున్నావుగా. అయితే సొన తగిలితే కొందరికి మూతి పొక్కుతుంది, అదీ అలర్జీయే. తొడిమ తుంచి, సొన కారనిచ్చి, బాగా కడిగి తిను. ఎలుకలకి పెట్టినంత పెక్టిన్ మామిడిపళ్లతోనే తినాలంటే మాత్రం, నాలాంటి షుగరు మనిషి ఆస్పత్రిలో తేలతాడు. నాకు జామకాయ చాలు. దాన్లోనూ పెక్టిన్ ఉంది, పైగా వేసవి దాకా ఆగక్కర్లేదు.