డ్రమ్ సాఫ్ట్‌వేర్ మారుద్దామా? ముందు ఈ లెక్క చూసుకోండి

షార్ట్ ఫిల్ములకూ కవర్ సాంగులకూ సంగీతం చేస్తూనే ఉద్యోగాల వేటలో ఉన్నారా? కొత్త వర్చువల్ డ్రమ్స్ కొనే ముందు ఏం చూడాలి, మారేటప్పుడు ఏం జాగ్రత్తపడాలి, ఆ పని మీ రెజ్యూమెకు ఎలా ఉపయోగపడుతుంది?

ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట 1847లో మొదలై 1852 నాటికి పూర్తయింది. వందేళ్లకు పైగా డెల్టాకు నీళ్లిచ్చాక, దాని స్థానంలో 175 గేట్ల కొత్త బ్యారేజీ 1982 నాటికి వచ్చింది. తలదగ్గర కట్టడం మారినా నీళ్లు మాత్రం తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువల్లోకే పారాయి. అప్‌గ్రేడ్‌కు ఇంతకంటే మంచి ఉదాహరణ అక్కర్లేదు. పాతది ఎందుకు చాలడం లేదో ముందే తెలియాలి. కొత్తది వచ్చాక పాత కాలువలు ఎండిపోకూడదు. ల్యాప్‌టాప్‌లో డ్రమ్ సాఫ్ట్‌వేర్ మార్చడానికీ ఈ రెండు సూత్రాలు చాలు.

అసలు ఇది చేసే పనేంటి?

నిజమైన డ్రమ్స్‌ను స్టూడియోలో ఒక్కో దెబ్బగా రికార్డు చేసి, మనం నోట్ నొక్కినప్పుడు ఆ శబ్దాన్ని పలికించేదే వర్చువల్ డ్రమ్ సాఫ్ట్‌వేర్. రోజర్ లిన్ 1980లో తెచ్చిన ఎల్‌ఎం-1తో నిజమైన డ్రమ్స్ శాంపిళ్లు డ్రమ్ మెషిన్‌లోకి వచ్చాయి. 1983లో మిడి ప్రమాణం వచ్చాక వేర్వేరు కంపెనీల పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం మొదలైంది. 1996లో స్టైన్‌బర్గ్ కంపెనీ వీఎస్‌టీ పద్ధతిని తేవడంతో ప్లగిన్‌లకు దారి పడింది. ఒకప్పుడు గది నిండా ఉండే సరంజామా క్రమంగా కంప్యూటర్‌లోకి చేరిపోయింది.

ఇందులో రెండు మాటలు బాగా అర్థం చేసుకోండి. మొదటిది వెలాసిటీ, అంటే దెబ్బ బలం. మిడిలో అది 1 నుంచి 127 దాకా ఉంటుంది. మంచి సాఫ్ట్‌వేర్‌లో మెల్లగా కొట్టిన దెబ్బకు, గట్టిగా కొట్టిన దెబ్బకు వేర్వేరు రికార్డింగులు ఉంటాయి. రెండోది రౌండ్ రాబిన్. ఒకే బలంతో వరసగా కొట్టినా ప్రతిసారీ కొద్దిగా తేడా ఉన్న శాంపిల్ పలకడం. ఇది లేకపోతే స్నేర్ రోల్ మెషిన్ గన్ పేలినట్టు వినిపిస్తుంది.

కొత్త వెర్షన్‌లో కొత్తదేంటి?

స్వీడన్ కంపెనీ టూన్‌ట్రాక్ వారి ఈజీడ్రమ్మర్‌నే తీసుకుందాం. మొదటిది 2006లో, రెండోది 2014లో, మూడోది 2022లో వచ్చాయి. మూడో వెర్షన్‌లో ‘బ్యాండ్‌మేట్’ అనే సదుపాయం ఉంది. మీ గిటార్ లేదా కీబోర్డ్ ముక్కను అందులో వేస్తే దానికి సరిపోయే డ్రమ్ నడకలను సూచిస్తుంది. డ్రమ్స్ వాయించడం రానివాళ్లకు ఇది నిజంగా పెద్ద సాయం. ఇదే కంపెనీ 2017లో తెచ్చిన సుపీరియర్ డ్రమ్మర్ 3 పూర్తి లైబ్రరీ 230 జీబీ దాటుతుంది. మీ ల్యాప్‌టాప్‌లో 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉందనుకోండి, దాదాపు సగం డ్రమ్స్‌కే పోతుంది! మరి ప్లేస్‌మెంట్ ప్రిపరేషన్ వీడియోలు ఎక్కడ పెట్టుకుంటారు?

మీకు నిజంగా అవసరమా?

ఒక కాగితం తీసుకుని ‘పాతదాంతో నేను చేయలేకపోతున్న పని’ అని రాసి, కింద కనీసం మూడు పాయింట్లు రాయండి. ‘సౌండ్ బాలేదు’ అంటే కుదరదు. ‘హై-హ్యాట్ సగం తెరిచిన శబ్దం లేదు’, ‘ఒక్కో మైకును విడిగా మిక్స్ చేయలేకపోతున్నా’, ‘6/8లో నడకలు తక్కువ’ అని రాయగలిగితే మీ అవసరం నిజమైనదే. రాయలేకపోతే ఆ డబ్బులు జేబులోనే ఉండనివ్వండి.

తర్వాత మీ సమస్య సాఫ్ట్‌వేర్‌దా, వాడకానిదా అన్నది తేల్చుకోండి. పాత ప్రాజెక్టు ఒకటి తెరిచి వెలాసిటీలన్నీ ఒకే అంకె మీద ఉన్నాయేమో చూడండి. వాటిని 70 నుంచి 110 మధ్య అటూ ఇటూ మార్చండి. కొన్ని దెబ్బలను గ్రిడ్ నుంచి కాస్త వెనక్కి జరపండి. బీట్‌కు ప్రాణం వస్తే మీకు కావాల్సింది సాధన, కొత్త లైసెన్స్ అక్కర్లేదు.

ప్యాడ్ కొట్టాక శబ్దం ఆలస్యంగా వస్తోందా? అది చాలాసార్లు బఫర్ సమస్య. 48,000 హెర్ట్జ్ దగ్గర 1024 శాంపిళ్ల బఫర్ ఒక్కటే 21 మిల్లీసెకన్ల ఆలస్యం కలుపుతుంది. 256కి తగ్గిస్తే అది 5 మిల్లీసెకన్ల దగ్గరికి వస్తుంది. పైసా ఖర్చులేని అప్‌గ్రేడ్ ఇది!

డబ్బు పెట్టే ముందు ఉచితంగా దొరికే ఎంటీ పవర్ డ్రమ్ కిట్ 2, స్టీవెన్ స్లేట్ డ్రమ్స్ 5.5 ఫ్రీ వాడి చూడండి. ఒకే బీట్‌ను రెండింట్లో, మీ పాతదాంట్లో వినిపించి, పేర్లు చెప్పకుండా స్నేహితులను ఏది బాగుందో అడగండి. వాళ్లు తేడా పట్టుకోలేకపోతే మీకు జవాబు దొరికినట్టే.

మారేటప్పుడు పాత పాటలు పోకుండా

చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. జనరల్ మిడి ప్రకారం కిక్ 36, స్నేర్ 38, మూసిన హై-హ్యాట్ 42, తెరిచినది 46, క్రాష్ 49, రైడ్ 51. ఈ ప్రాథమిక అంకెలు ఎక్కువ సాఫ్ట్‌వేర్లలో కలుస్తాయి. హై-హ్యాట్ రకాలు, రిమ్ దెబ్బలు, టామ్‌ల దగ్గరికి వచ్చేసరికి ఒక్కో కంపెనీది ఒక్కో దారి. పాత పాటను కొత్తదాంట్లో తెరిస్తే టామ్ పలకాల్సిన చోట కౌబెల్ పలకొచ్చు.

అందుకే ఈ వరస పాటించండి. ముందు ప్రతి పాత ప్రాజెక్టులో డ్రమ్స్‌ను కిక్, స్నేర్, సింబల్స్ అని విడివిడిగా వేవ్ ఫైళ్లుగా తీసి దాచండి. మిడి ఫైళ్లు కూడా వేరే డ్రైవ్‌లో పెట్టండి. పాత వెర్షన్‌ను వెంటనే తీసెయ్యొద్దు, రెండూ పక్కపక్కన ఉండనివ్వండి. ఒకే ఒక్క పాటను కొత్తదాంట్లోకి మార్చి, మొదటి నుంచి చివరిదాకా విని, తేడాలు రాసుకోండి. అన్నీ కుదిరాకే మిగతావి మార్చండి. ఎవరికైనా ఇవ్వాల్సిన పాట చేతిలో ఉంటే, అది ఇచ్చేసేదాకా అప్‌డేట్ బటన్ జోలికే వెళ్లొద్దు.

క్రాక్ మాటేంటి?

‘అందరూ వాడుతున్నారుగా’ అనిపిస్తుంది. కాపీరైట్ చట్టం 1957లోని సెక్షన్ 63బి ప్రకారం, నకిలీదని తెలిసీ సాఫ్ట్‌వేర్ వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల దాకా జరిమానా పడొచ్చు. వ్యాపారం కోసం కాదని తేలితే కోర్టు జైలు లేకుండా జరిమానాతో సరిపెట్టే వీలుంది. కానీ మీరు డబ్బులు తీసుకుని పాట చేస్తే అది వ్యాపారమే కదా! పైగా క్రాక్ ఫైల్‌తో వచ్చే వైరస్ మీ ప్రాజెక్టు రిపోర్టును, సర్టిఫికెట్ల స్కాన్లను కూడా తినేస్తుంది. కొనలేకపోతే ఉచిత వెర్షన్లతోనే మంచి పని చేసి చూపించండి. కంపెనీ సైట్లలో విద్యార్థి రాయితీ ఉందేమో, పాత వెర్షన్ ఉన్నవాళ్లకు అప్‌గ్రేడ్ ధర వేరేగా ఉందేమో చూడండి.

మన చప్పుడు ఎక్కడ?

బెర్లిన్‌లోని హాన్సా స్టూడియోలో తీసిన డ్రమ్స్ ఈజీడ్రమ్మర్ 3లో ఉన్నాయి. సుపీరియర్ డ్రమ్మర్ 3వి బెల్జియం గెలాక్సీ స్టూడియోలో రికార్డయ్యాయి. తబలా, ఢోలక్‌లకు స్వర్‌ప్లగ్ లాంటివి ఉన్నాయి. మరి గోదావరి ఒడ్డున జాతరలో మోగే డప్పు, డోలు? ఎంత ఖరీదైన అప్‌గ్రేడ్ కొన్నా అవి అంత సులువుగా దొరకవు. గోదావరికి అటువైపు కొవ్వూరులో పుట్టిన కీరవాణి ‘నాటు నాటు’ పాటకు 2023లో ఆస్కార్ అందుకున్నారు. మన లయకు ప్రపంచంలో గిరాకీ ఉందనడానికి ఇంకేం సాక్ష్యం కావాలి?

కాబట్టి ఆ లైబ్రరీ మీరే చేయండి. డప్పును మంట దగ్గర కాచాక శ్రుతి మారుతుంది, కాబట్టి కాచిన వెంటనే ఒకే విడతలో రికార్డు చేయాలి. నాలుగు రకాల దెబ్బలు, ఒక్కోటి ఐదు బలాల్లో, ఒక్కో బలం నాలుగుసార్లు అనుకుంటే 80 ఫైళ్లు. ఒక్కోటి మూడు సెకన్లు, 24 బిట్, 48,000 హెర్ట్జ్ మోనోలో తీస్తే అంతా కలిపి 35 ఎంబీ లోపే. ఏ ఫైల్ ఏ నోట్‌కు, ఏ బలానికి పలకాలో చెప్పే ఎస్‌ఎఫ్‌జెడ్ ఫైల్ మామూలు టెక్స్ట్ ఫైలే. నోట్‌ప్యాడ్‌లో రాసెయ్యొచ్చు, ప్లోగ్ సంస్థ ఉచితంగా ఇచ్చే స్ఫోర్జాండోలో వాయించొచ్చు. పైథాన్ వస్తే 80 ఫైళ్లకు ఆ వరసలు పది నిమిషాల్లో తయారవుతాయి.

ఒక్క షరతు. డప్పు వాయించే కళాకారుడికి ముందే ఎంత ఇస్తారో మాట్లాడి ఇవ్వండి. ఆ శబ్దాన్ని ఎక్కడెక్కడ వాడతారో చెప్పి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. లైబ్రరీ మీద ఆయన పేరు వేయండి.

ఉద్యోగానికి ఏం పనికొస్తుంది?

‘మ్యూజిక్ అంటే ఇష్టం’ అన్న లైను రెజ్యూమెలో హాబీల కింద ఓ మూల ఉండిపోతుంది. దానికి బదులు ‘80 శాంపిళ్లతో డప్పు లైబ్రరీ తయారుచేశాను, మ్యాపింగ్‌ను పైథాన్‌తో ఆటోమేట్ చేశాను’ అని రాయండి. ‘పాత ప్రాజెక్టులను బ్యాకప్ తీసి, ఒకదానిపై పరీక్షించి, కొత్త వెర్షన్‌కు మార్చాను’ అని చెప్పండి. ఐటీ కంపెనీలు మైగ్రేషన్, టెస్టింగ్, రోల్‌బ్యాక్ అని పిలిచే పనులు ఇవే. ఇంటర్వ్యూలో ఉదాహరణ అడిగితే మీ దగ్గర నిజమైనది ఉంటుంది.

ఈ దారిలోనే వెళ్లాలనుకుంటే రిథమ్ ప్రోగ్రామింగ్, సౌండ్ ఎడిటింగ్, గేమ్ ఆడియో ఉన్నాయి. సీ ప్లస్ ప్లస్ బాగా వస్తే జ్యూస్ అనే ఫ్రేమ్‌వర్క్‌తో ప్లగిన్‌లు తయారుచేసే వైపూ చూడొచ్చు. పుణెలోని ఎఫ్‌టీఐఐ, కోల్‌కతాలోని సత్యజిత్ రే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ డిగ్రీ పూర్తిచేసినవాళ్లకు సౌండ్ కోర్సులు నడుపుతున్నాయి. అర్హతలు, ప్రవేశ పరీక్ష వివరాలు ఆ ఏటి నోటిఫికేషన్‌లో సరిచూసుకోండి.

ఈ ఆదివారానికి ఒక పని పెట్టుకోండి. పాత ప్రాజెక్టుల బ్యాకప్ తీసి, మూడు పాయింట్ల కాగితం నింపండి. కాగితం ఖాళీగా మిగిలితే అప్‌గ్రేడ్ ఆపేసి, ఆ డబ్బులో కొంత డప్పు కళాకారుడికి ఇచ్చి రికార్డింగ్ మొదలుపెట్టండి.