మీకు తెలుసా? మన బుజ్జిగాడికి ఏ ఆట!

వేసవి సెలవులు వస్తున్నాయంటే బెంగళూరు అమ్మానాన్నలకు ఒకటే ఆలోచన: పిల్లల్ని ఈతకు పంపుదామా, షటిల్‌కా, క్రికెట్‌కా? ఈ ఊరి ఆటగాళ్లకు వాళ్ల ఆట ఎలా దొరికిందో వినండి, భలే వింతలు!

● నీళ్లంటేనే గిట్టని పాప ఒలింపిక్స్‌లో ఈదింది! ధీనిధి దేశింగుకు మూడేళ్లు వచ్చినా మాటలు రాలేదు, నలుగురు పిల్లల్లో కలుస్తుందని అమ్మానాన్నలు ఈతకు తీసుకెళ్లారు. 2024లో పారిస్ వెళ్లిన 117 మంది భారత క్రీడాకారుల్లో అందరికంటే చిన్నది ఆమే. వయసు 14!

● నీళ్లలో మునిగిపోబోయిన పిల్ల కూడా ఒలింపిక్స్‌కు వెళ్లింది! నిషా మిల్లెట్‌కు ఐదేళ్లప్పుడు ఆ ప్రమాదం తప్పింది, దాంతో కూతురు ఈత నేర్చుకుని తీరాలని నాన్న పట్టుబట్టారు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల ఫ్రీస్టైల్ ఈదింది.

● టిఫిన్ తినడానికి వెళితే గోల్ఫ్ దొరికింది! ఐదేళ్ల అదితి అశోక్ ఇంటివాళ్లతో హోటల్లో కూర్చుని, ఎదురుగా గోల్ఫ్ మైదానంలో బంతులు కొడుతున్నవాళ్లను చూసి ముచ్చటపడింది. అంతకుముందు ఆ ఇంట్లో గోల్ఫ్ ఆడినవాళ్లే లేరు! ఒలింపిక్స్‌లో గోల్ఫ్ ఆడిన మొదటి భారతీయ మహిళ ఆమే, 2016లో, 18 ఏళ్లకు.

● పెళ్లి ముహూర్తాలుంటే ప్రాక్టీసు బంద్! ప్రకాశ్ పదుకొణె షటిల్ నేర్చుకున్నది మల్లేశ్వరంలోని కెనరా యూనియన్ హాల్లో. అది పెళ్లిళ్లు జరిగే హాలు మరి! ఆ కుర్రాడే 1980లో ఆల్ ఇంగ్లండ్ టోర్నీ గెలిచిన మొదటి భారతీయుడయ్యాడు.

● షటిల్ కాక్ బరువెంతో చెప్పగలరా? దాదాపు 5 గ్రాములు, ఈకలు సరిగ్గా 16! మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ 2023లో దాన్ని గంటకు 565 కిలోమీటర్ల వేగంతో కొట్టి గిన్నిస్‌కెక్కాడు. ఆ వేగంతో వెళితే బెంగళూరు నుంచి హైదరాబాద్‌కు దాదాపు ఒక్క గంటే!

● చిన్నపిల్లల టెన్నిస్‌కు వేరే బంతి ఉంది! ఎరుపు రంగు కలిసిన ఈ బంతి మామూలు బంతి కంటే 75 శాతం నెమ్మది. ఆ తర్వాత నారింజ రంగుది 50 శాతం, ఆకుపచ్చ చుక్కది 25 శాతం నెమ్మది. మామూలు బంతి నేల తాకి లేచిందంటే చిన్నపిల్లల తలమీదుగా పోతుంది, ఆట రావడం లేదని పాపం వాళ్లు బెంబేలెత్తుతారు. అందుకే కోచింగ్‌లో చేర్చే ముందు బంతి రంగు అడగండి, నా మాట వినండి!

● బాస్కెట్‌బాల్ రింగు కూడా పిల్లల కోసం కిందికి దిగుతుంది! పెద్దలకు 3.05 మీటర్లు, చిన్నారులకు 2.60 మీటర్లే.

● మన తెలుగమ్మాయి పి.వి. సింధు అమ్మానాన్నలు ఇద్దరూ ఏ ఆట ఆడేవారో తెలుసా? వాలీబాల్! కూతురు మాత్రం ఎనిమిదేళ్లకే షటిల్ రాకెట్ పట్టింది.

● అనిల్ కుంబ్లే మొదట వేసింది స్పిన్ కాదు, మీడియం పేస్! అన్నయ్య చెప్పాడని స్పిన్‌కు మారాడు, టెస్టుల్లో 619 వికెట్లు తీశాడు.

● ఎనిమిదేళ్ల పాపకు వారానికి ఎన్ని గంటల కోచింగ్ చాలు? ఎనిమిదే! వయసు ఎన్నేళ్లయితే వారానికి అన్ని గంటలు దాటొద్దని క్రీడావైద్యుల లెక్క. దాటితే లేత ఎముకలకు, కీళ్లకు దెబ్బ తగిలే ముప్పు ఎక్కువ. ఒకే ఆటకు అంకితం కావడం 15, 16 ఏళ్ల దాకా ఆగొచ్చని అమెరికా పిల్లల వైద్యుల సంఘం అంటుంది. నాలుగేళ్లకే మావాడు క్రికెటర్ అని తేల్చేసే నాన్నలూ, విన్నారా?

● ఆలస్యమైపోయిందని దిగులా? రోహన్ బోపన్న టెన్నిస్ మొదలుపెట్టిందే 11 ఏళ్లకు, అప్పటికి హాకీ, ఫుట్‌బాల్ కూడా ఇష్టమే! 2024లో ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ గెలిచి ప్రపంచ నంబర్ వన్ అయినప్పుడు ఆయన వయసెంతో ఊహించండి. 43!