కలుపు మందు చల్లిన పొలములో పనిచేయువారి ఆరోగ్యము

రైతు శిక్షణ శిబిరములలో నన్ను తరచుగా అడుగు ప్రశ్న ఒకటి కలదు. "అయ్యా, పురుగుకును ప్రాణమున్నది, మనకును ప్రాణమున్నది. కనుక పురుగు మందు మనకును విషమే. కలుపు మందు గడ్డిని చంపునది కదా, దాని వలన మనిషికి వచ్చు నష్టమేమి?" అని. ఈ ప్రశ్న తెలివితక్కువది కాదు. అయితే దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పుటకు వీలులేదు. అమెరికా దేశములోని కాలిఫోర్నియా రాష్ట్రపు వ్యవసాయ కూలీల సంగతి చెప్పినచో మీకు బాగుగా బోధపడును.

ఆ రాష్ట్రములో సముద్రతీరమునకు చేరువగా సలినాస్ లోయ యున్నది. లెట్యూస్ అను ఆకుకూర, స్ట్రాబెరీ పండ్లు, కాలీఫ్లవరు, దాని జాతిదే అయిన బ్రోకలీ అక్కడ విరివిగా పండును. యంత్రములు ఎన్ని యున్నను నారు నాటుట, మిగిలిన కలుపు ఏరుట, కోత కోయుట నేటికిని చాలవరకు చేతిపనియే. ఈ పని చేయువారిలో అత్యధికులు మెక్సికో నుండియు, మధ్య అమెరికా దేశముల నుండియు పొట్ట చేతబట్టుకొని వచ్చినవారు. వీరిని లాటినోలందురు. మన పాలమూరు కూలీలు ముఠాలుగా వలసపోయినట్లే వీరును ముఠామేస్త్రీల వెంట పంటను బట్టి ఊరూరు తిరుగుదురు. వీరి భాష స్పానిష్. దక్షిణ మెక్సికో ఆదిమజాతుల వారిలో కొందరికి అదియు సరిగా రాదు. మందు డబ్బాపై నుండునదేమో ఇంగ్లీషు.

మొలకను ఆపు మందు

అక్కడి బ్రోకలీ, కాబేజీ, ఉల్లి పొలములలో డి.సి.పి.ఎ. అను కలుపు మందును చిరకాలము వాడిరి. డాక్తల్ అనునది దాని వ్యాపార నామము. అమెరికాలో ఇది 1958లో రిజిష్టరైనది. విత్తనము వేసినప్పుడో, నారు నాటినప్పుడో దీనిని నేలపై చల్లుదురు. కలుపు గింజ మొలకెత్తగానే వేరు కొనలో కణములు విభజన చెందకుండ ఈ మందు అడ్డుకొనును. వేరు సాగదు, మొలక చచ్చును. ఇట్టి మందు పనిచేయవలెనన్న కొన్ని వారములు నేలపై నిలిచి యుండవలెను. రైతుకు దాని గుణము అదియే. కూలీకి దాని దోషమును అదియే.

ఈ మందు తాగి పడిపోయినవారు లేరు. చర్మము కాలలేదు, కండ్లు మండలేదు. అందుచేత అరువది యేండ్లకు పైగా దానిని మెత్తని మందుగనే ఎంచిరి. తరువాత అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ కోరగా జరిపిన పరీక్షలలో వేరొక సంగతి బయటపడినది. గొంతు వద్ద నుండు థైరాయిడ్ గ్రంథి పుట్టించు హార్మోనును ఇది తగ్గించును. గర్భములోని శిశువుకు తొలినెలలలో సొంత హార్మోను ఉండదు, తల్లిదే దిక్కు. ఆ శిశువు మెదడు పెరుగుటకు ఈ హార్మోను అత్యవసరము. అది తగ్గినచో బిడ్డ తక్కువ బరువుతో పుట్టవచ్చును. పెరిగిన పిమ్మట తెలివి, కాలుసేతుల నేర్పు కొరవడవచ్చును. తల్లికి మాత్రము ఏ బాధయు తెలియదు. ఆమె తలనొప్పి యని కూడ చెప్పదు.

ఈ మందు కలిపి చల్లు పనిలో నున్న గర్భిణుల విషయములో, శిశువునకు సురక్షితమనదగిన మోతాదుకు నాలుగు మొదలు ఇరువది రెట్ల వరకు మందు సోకవచ్చునని ఆ సంస్థ 2024 ఏప్రిలులో హెచ్చరించినది. అంతకన్న గమనింపదగినది మరియొకటి. చల్లిన పండ్రెండు గంటల తరువాత పొలములోనికి పోవచ్చునని డబ్బాపై వ్రాసియుండెను. లెక్కకట్టి చూడగా, అనేక పంటలలో, అనేక పనులలో ఇరువది యైదు రోజులు గడిచినను ప్రమాదము తొలగలేదు. 2024 ఆగస్టు 6వ తేదీన ఆ మందును అత్యవసరముగా నిలిపివేసిరి. ఇట్టి ఉత్తర్వు సుమారు నలుబది యేండ్లలో ఇదే మొదటిది. 1986లో డైనోసెబ్ అను మరియొక కలుపు మందును నిలిపినప్పుడును, పుట్టబోవు శిశువులకు అంగలోపములు కలుగునను భయమే ముఖ్య కారణము. ఐరోపా దేశములు డి.సి.పి.ఎ.ను 2009 నాటికే మానుకొన్నవి. నడుమ గడచిన ఆ పదునైదేండ్లలో సలినాస్ పొలములలో నారు నాటిన తల్లులెందరో, వారి బిడ్డలెందరో! ఈ సంగతి చదివినప్పుడు నాకు బాధ కలిగినది.

ఆకులో చేయు పనియే ఊపిరితిత్తులలోను

ఇక మీరెరిగిన మందు పారాక్వాట్. 1962 నుండి ఇది అంగళ్లలో నున్నది. పచ్చని ఆకుపై పడిన కొన్ని గంటలలోనే ఎండ తగిలి ఆకు మాడిపోవును. ఆకు సూర్యరశ్మి నుండి గ్రహించిన శక్తిని ఈ మందు దారి మళ్లించి, ప్రాణవాయువును కణములను కాల్చు విషముగా మార్చును. మనిషి శరీరములో సూర్యరశ్మితో పనిలేదు. ఊపిరితిత్తుల కణములు ఈ మందును తమంతట తామే రక్తము నుండి లోనికి లాగుకొనును, అచ్చట ప్రాణవాయువు పుష్కలముగా నుండనే యున్నది. ఆకులో జరిగినదే అచ్చటను జరుగును. ఊపిరితిత్తులు క్రమముగా గట్టిపడి శ్వాస ఆడదు. ఒక్క గుక్క చాలును. విరుగుడు లేదు. మొదట మీరడిగిన ప్రశ్నకు ఇదియే ఒక జవాబు.

మ్రింగనక్కరలేదు. తుంపర తగిలిన గోళ్లు ఊడుటయు, ముక్కు నుండి రక్తము కారుటయు కలదు. దీర్ఘకాలపు హాని వేరు. కాలిఫోర్నియా నడిలోయలో ఏ పొలములో ఏ మందు ఎంత చల్లిరో ప్రభుత్వమునకు తెలుపవలెనను నియమమున్నది. ఆ లెక్కలను పట్టి చేసిన పరిశోధన 2009లో వెలువడినది. ఇంటికి 500 మీటర్లలోపున పారాక్వాటును, మనేబ్ అను తెగుళ్ల మందును రెండింటిని చల్లినచోట నివసించినవారికి చేతులు వణకు పార్కిన్సన్ వ్యాధి వచ్చు అవకాశము 75 శాతము హెచ్చుగా కనబడినది. అయోవా, నార్తు కరొలైనా రాష్ట్రములలోని పరిశీలన 2011లో వెలువడగా, పారాక్వాట్ వాడినవారికి అది రెండున్నర రెట్లని తేలినది. అయినను ఈ సాక్ష్యము చాలదని అమెరికా సంస్థ 2021లో వాడకమును కొనసాగనిచ్చినది. ఐరోపా దేశములలో 2007లోనే దానిని తొలగించిరి. మన కేరళ 2011లో నిషేధించినది.

గ్లైఫోసేటు సంగతి ఇంకను వివాదములో నున్నది. అది మొక్కలలో అడ్డుకొను ఎంజైము మనిషిలో లేనేలేదు, కనుక హానియే లేదని మొదట నమ్మిరి. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సరు పరిశోధనా శాఖ అది క్యాన్సరు కలిగింపవచ్చునని వర్గీకరించినది. అమెరికా సంస్థ దీనికి ఒప్పుకొనలేదు. సలినాస్ కూలీల బిడ్డలను పుట్టుక నుండి గమనించుచున్న బర్కిలీ విశ్వవిద్యాలయమువారు 2023లో ఒక ఫలితము ప్రకటించిరి. బాల్యములో ఆ మందు ఎక్కువ సోకిన పిల్లలలో, పదునెనిమిదేండ్ల వయసునకు కాలేయపు వాపు సూచనలు అధికముగా నున్నవి. ఇది సంబంధము మాత్రమే, రుజువు కాదు. కాని నేనైతే తేలికగా తీసివేయను.

పేదవానికే ఎందుకెక్కువ?

అందరి చర్మమును ఒకటే. కాని ఎండలో చెమటపట్టిన చర్మము మందును త్వరగా పీల్చును. శరీరమంతట ఒకే తీరున పీల్చదు కూడ. 1971లో పారాథియాన్ అను పురుగు మందుతో చేసిన పరీక్షలో, ముంజేతి చర్మముకన్న తలచర్మము మూడు నాలుగు రెట్లు, గజ్జల వద్ద చర్మము పది రెట్లకు పైగా పీల్చినవి. తడిసిన లాగుతో దినమంతయు పనిచేసినవాని గతి మీరే ఊహించుకొనుడు. పెట్టెల లెక్కన కూలి దొరకునప్పుడు చేతులు కడుగుకొనుటకు ఆగిన ప్రతి నిమిషమును నష్టమే. నివాసపు కాగితములు లేనివాడు అనారోగ్యమని చెప్పుకొనుటకు జంకును. మందంటిన బట్టలతోనే ఇంటికి పోయి బిడ్డనెత్తుకొనును.

అమెరికాలో 2015లో సవరించిన నియమముల ప్రకారము కూలీలకు ఏటేట శిక్షణ నీయవలెను. పదునెనిమిదేండ్లు నిండనివారిచే మందు కలిపింపరాదు. ఒక్కొక్క కూలీకి గాలను చొప్పున, అనగా సుమారు నాలుగు లీటర్ల నీరు, సబ్బు, తువ్వాలు పొలము వద్ద నుంచవలెను. డబ్బాపై స్పానిష్‌లోను వ్రాయవలెనని 2022లో చట్టము చేసిరి. మిక్కిలి విషమైన మందులకు 2025 చివర గడువు పెట్టి, తక్కినవాటికి అంచెలంచెలుగా 2030 వరకు గడువిచ్చిరి. కూలీలలో అత్యధికులు స్పానిష్ మాటలాడుట నిన్నటి సంగతి కాదు.

మన పొలములో

మిరప, ఉల్లి, ప్రత్తి, వేరుశనగలలో మనము చల్లు పెండిమిథాలిన్ కూడ మొలకెత్తకముందు వాడు మందే. డి.సి.పి.ఎ.లోని దోషము దీనికి కలదని నేను చెప్పుటలేదు. అయితే కూలీకి సోకు విధము ఒకటే. మందు పడిన తడి నేలలో వట్టి చేతులతో, వట్టి కాళ్లతో మొక్కలు పలుచన చేయునది, చచ్చిన మొక్కల స్థానములో తిరిగి నాటునది మన ఆడకూలీలే. కావున మందు చల్లిన తేదీని, ఎన్ని దినములు పోరాదో డబ్బా చూచి ఆ సంగతిని ముఠా పెద్దకు ముందుగనే చెప్పుడు. గర్భిణులకును, పాలిచ్చు తల్లులకును ఆ వారములలో వేరు పని చూపుడు. ఆమె తనంతట తాను చెప్పుకొనదు, మీ ఇంటి ఆడవారిచే కనుగొనుడు. గట్టున రెండు బిందెల నీళ్లు, ఒక సబ్బుబిళ్ల ఉంచుటకు అయ్యెడి ఖర్చెంత? అన్నము తినకముందు, బీడీ ముట్టించకముందు చేతులు కడుగుకొననిండు. మందు కొట్టినవాని బట్టలను ఇంటి బట్టలతో కలిపి ఉతుకరాదు.

పారాక్వాట్‌ను మాత్రము సారాసీసాలో గాని, కూల్‌డ్రింకు సీసాలో గాని పోసి ఇరుగుపొరుగులకు పంచి ఇయ్యకుడు. నీలిరంగు, దుర్వాసన, వాంతి పుట్టించు మందు కలిపినప్పటికి, 2000 సంవత్సరము తరువాత అమెరికాలో పొరపాటున త్రాగి పదునేడుగురు మరణించిరి. వారిలో ముగ్గురు పిల్లలు. నోటిలో పడినదని అనుమానము కలిగినను రోగిని వెంటనే పెద్దాసుపత్రికి చేర్పుడు, డబ్బాను వెంట తీసికొనిపొండు. త్రాగినవాడు ఒకటి రెండు రోజులు లేచి తిరుగుచు బాగుగనే కనబడవచ్చును. అంతమాత్రమున ఇంటికి తీసికొని రాకుడు.