డఫెల్ సంచి సర్దుకోవడం: స్థలం, బరువు, క్రమం

లక్ష్యాలు
ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• సంచిలో స్థలం ఎక్కడ వృథా అవుతుందో గుర్తించగలుగుతారు.
• బరువును సమంగా పంచి, వస్తువులను అవసరమైన క్రమంలో అమర్చగలుగుతారు.

1. పరిచయం
బెల్జియంలోని డఫెల్ అనే ఊరి పేరు మొదట ఒక ముతక ఉన్ని బట్టకు, ఆ తరువాత ఈ సంచికి వచ్చింది. గట్టి చట్రం లేని గొట్టం వంటి సంచి కాబట్టి రైల్లో బెర్తు కిందికి సులువుగా దూరుతుంది. సంపర్క తరగతులకో పరీక్షలకో వారం రోజులు వేరే ఊరు వెళ్లే మీకు ఇది చాలు. అయితే లోపల అరలు ఉండవు. సర్దే పద్ధతి తెలియకపోతే ఇది మూటతో సమానం.

2. స్థలం
30 సెం.మీ. వ్యాసం, 55 సెం.మీ. పొడవు గల సంచి ఘనపరిమాణం సుమారు 39 లీటర్లు. బట్టలన్నీ మడతపెట్టి చతురస్రపు దొంతరగా పేర్చారనుకోండి. వృత్తంలో ఇమిడే అతిపెద్ద చతురస్రం ఆ వృత్త వైశాల్యంలో దాదాపు 64 శాతమే. మిగిలిన 36 శాతం నాలుగు పక్కలా ఖాళీగా ఉంటుంది. తువ్వాలు, లుంగీ, చుడీదార్ల వంటివి బిగుతుగా చుట్టి ఆ ఖాళీల్లో దూర్చండి. ఇస్త్రీ చెడకూడని జతలను మాత్రమే మడతపెట్టండి. బూట్ల లోపల మేజోళ్లు పెట్టండి.

3. బరువు
బరువంతా ఒక కొసకు చేరితే సంచి వాలిపోయి భుజాన్ని లాగుతుంది. కాబట్టి పుస్తకాలను అడుగున, సరిగ్గా మధ్యలో ఉంచండి. పాదరక్షలు ఒక కొసన, స్నానపు సామాను రెండో కొసన పెడితే తూకం కుదురుతుంది. స్లీపర్ తరగతిలో 40 కిలోల వరకు ఉచితమే కాని, మోయవలసింది మీరే. సర్దిన తరువాత సంచిని భుజాన వేసుకొని ఒక అంతస్తు మెట్లు ఎక్కి దిగండి. ఆయాసం వస్తే కొన్ని వస్తువులు తీసివేయండి.

4. క్రమం
చివర పెట్టినదే మొదట చేతికి వస్తుంది. నేను పర్యవేక్షించిన ఒక పరీక్షలో, రాత్రంతా ప్రయాణించి వచ్చిన ఒక అభ్యర్థిని వరండాలో సంచి మొత్తం బోర్లించింది. హాల్‌టికెట్టు అడుగున పుస్తకం మధ్యలో దొరికింది. అప్పటికి ఇరవై నిమిషాలు గడిచాయి. ఆమె చదువులో లోపం లేదు. హాల్‌టికెట్టు, గుర్తింపు కార్డు, మందులు, డబ్బు సంచిలో కాక ఒంటిమీద ఉండే చిన్న చేతిసంచిలో ఉంచుకోండి. రాత్రి కప్పుకునే దుప్పటి, మర్నాటి జత అన్నిటికంటే పైన ఉండాలి. ఊరగాయ సీసా తప్పదనుకుంటే రెండు పాలిథిన్ కవర్లలో కట్టి, పుస్తకాలకు దూరంగా పెట్టండి.

సారాంశం
మెత్తనివి పక్కల, బరువైనవి మధ్యలో, ముందు కావలసినవి పైన, పోగొట్టుకోకూడనివి మీ దగ్గర.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. మడతపెట్టిన దొంతర గుండ్రని సంచిలో ఎందుకు చోటు వృథా చేస్తుంది?
2. మీ తదుపరి ప్రయాణానికి వస్తువుల జాబితా రాసి, ఒక్కొక్కటి ఎప్పుడు అవసరమవుతుందో ఎదురుగా గుర్తించండి.