పడవలో సీటు, క్లాసులో సీటు

డిగ్రీకి అమెరికాలోని చిన్న కాలేజీలో చేరిన అమ్మాయి మొదటి నెలలోనే ఫోన్ చేసి, "అమ్మా, రోయింగ్ టీమ్‌లో చేరుతున్నాను" అంటే కంగారుపడకండి. తెడ్డు పట్టడం వచ్చా అని అడగక్కర్లేదు. అలాంటి టీముల్లో చాలామంది కాలేజీకి వచ్చాకే నేర్చుకుంటారు. ముందు రోయింగ్ మెషిన్ మీద, తర్వాత నీటిలో.

అడగాల్సింది టైమ్‌టేబుల్ గురించి. తెల్లవారుజామున గాలి తక్కువ, నీళ్లు కదలకుండా ఉంటాయి కాబట్టి ప్రాక్టీసు చాలాచోట్ల అప్పుడే. మన పిల్లలకు పెందలాడే లేవడం కొత్త కాదు, రాత్రి పదింటికి పడుకోవడమే కొత్త!

పెద్ద టీములో ఒకరు రాకపోతే ఇంకొకరిని కూర్చోబెడతారు. చిన్న టీములో ఆ వెసులుబాటు ఉండదు. నలుగురు తెడ్లు వేసే పడవలో ఒకరు ల్యాబ్‌కు వెళ్లిపోతే మిగతా ముగ్గురూ ఒడ్డునే. అందుకే ల్యాబ్ వేళలు, పరీక్షల తేదీలు, రేసులుండే శని, ఆదివారాలు ముందే పక్కపక్కన పెట్టి చూసుకుని, కుదరని రోజులేవో కోచ్‌కు చెప్పేయాలి. 2,000 మీటర్ల రేసు పది నిమిషాల్లోపే అయిపోతుంది. రానూపోనూ ప్రయాణంతో రోజంతా పోతుంది.

టైము చాలక ఒక సబ్జెక్టు వదిలేస్తానంటే మాత్రం ఆపండి. స్టూడెంట్ వీసా మీద డిగ్రీ చదివేవారికి సెమిస్టర్‌కు కనీసం 12 క్రెడిట్లు ఉండాలి. కాలేజీలోని అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసును ముందుగా అడగకుండా అంతకంటే తగ్గితే వీసా స్టేటస్‌కే ముప్పు. చిన్న కాలేజీలు ఎక్కువగా ఉండే ఎన్‌సీఏఏ డివిజన్ 3లో ఆటకు స్కాలర్‌షిప్ ఇవ్వరు. కాబట్టి టీమ్ మానేసినా ఫీజు రాయితీ పోదు. ఈ సంగతి అమ్మాయికి ముందే చెప్పి ఉంచండి.